షేడర్లు రెడీ అయ్యేలోపు
పీసీలో కొత్త గేమ్ పెట్టగానే చాలాసార్లు ముందు కనిపించేది "షేడర్లు కంపైల్ అవుతున్నాయి" అనే మెసేజే. షేడర్లంటే వెలుగునీడలు, రంగులు ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు, వాటిని ఆ చిప్‌కి అర్థమయ్యేలా మార్చడమే కంపైల్. ఆ పని 100 శాతానికి చేరేలోపు ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ ఉన్నవాళ్లు గేమ్‌లో మొదటి బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, లేపేసి ఉంటారు. వాళ్ల దగ్గర మంత్రమేమీ లేదు. ఒక మోడల్ కన్సోల్ అంటే అందరి ఇళ్లలోనూ ఒకే గ్రాఫిక్స్ చిప్, అందుకే షేడర్లు ముందే తయారై గేమ్‌తోపాటు వచ్చేస్తాయి. పీసీలో ఎవరి కార్డు వాళ్లది, ఆ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా ఎవరిది వాళ్లదే. ఎవరి వంట వాళ్లే వండుకోవాలి. అది సరిగ్గా కుదరకపోతే నిన్న రాత్రి నాకైనట్టే, గేమ్‌లో తలుపు తీసిన ప్రతిసారీ తెర మీద బొమ్మ అర సెకను బిగుసుకుపోతుంది. కత్తి గాల్లో, శత్రువు మన మీద!

పైగా ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు కొనే డబ్బుతో ఏకంగా కన్సోలే వచ్చేస్తోంది.

అయినా పీసీని వదలబుద్ధి కాదు. ఆన్‌లైన్‌లో ఆడాలంటే విడిగా చందా కట్టక్కర్లేదు, మోడ్‌లు (అభిమానులు గేమ్‌కి చేసే మార్పులు) ఉంటాయి, ఇరవై ఏళ్ల నాటి గేమ్‌లు కూడా చాలావరకు నడుస్తాయి. 2018లో ప్లేస్టేషన్ 4కే పరిమితమైన గాడ్ ఆఫ్ వార్ 2022లో మా దగ్గరికీ వచ్చింది కదా! నాలుగేళ్లు ఆగాం, అంతే.

గేమ్ సెట్టింగ్స్‌లో నీడల క్వాలిటీ అల్ట్రా నుంచి హైకి మార్చి, తేడా వెతుక్కుంటూ గంట గడిపేయడం నాకు అసలు గేమ్ కంటే ఇష్టం. ఇంతకీ ఆ తేడా మీలో ఎవరికైనా నిజంగా కనిపించిందా?