అంకె పెరిగితే లీకేనా?

మా ఫొటో వ్యూయర్‌ను రోజంతా తెరిచి ఉంచితే కంప్యూటర్ మందగిస్తోందని ఒక వినియోగదారు రాశారు. మెమొరీ లీకు, అంటే పని అయిపోయినా ప్రోగ్రామ్ మెమొరీని విడవకపోవడం, ఉందా లేదా తేల్చడమే ఈ రోజు పని.

సిస్టమ్ మానిటర్‌లో మెమొరీ అంకె పెరిగింది కాబట్టి లీకు ఉందనడం నేను ఒప్పుకోను. ఫాంట్లు, ఐకాన్లు, థీములు మొదటిసారి అవసరమైనప్పుడు లోడై, ప్రోగ్రామ్ మూసేదాకా అలాగే ఉండిపోతాయి. పైగా ప్రోగ్రామ్ విడిచిపెట్టిన మెమొరీని జీలిబ్‌సీ (ప్రోగ్రాములకు మెమొరీ పంచే లైబ్రరీ) అన్నిసార్లూ లినక్స్‌కు అప్పగించదు, మళ్లీ అవసరపడుతుందని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది.

అందుకే ఒకే పనిని పదేపదే చేసి చూడాలి. సెట్టింగుల విండోను తెరుస్తూ మూస్తూ పోయాను. మొదటిసారి అంకె ఎగబాకింది, తర్వాత కదల్లేదు. అక్కడ లీకు లేదు. ఫొటో వివరాల విండో సంగతి వేరు. తెరిచి మూసిన ప్రతిసారీ 256 కిలోబైట్లకు కాస్త పైన పెరిగింది, ఎంతసేపటికీ ఆగలేదు. ఆ 256 చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ విండోలోని చిన్న బొమ్మ 256 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు, పిక్సెల్‌కు 4 బైట్లు. గుణిస్తే సరిగ్గా 256 కిలోబైట్లు! విండో మూసినా బొమ్మ మెమొరీలోనే ఉంది.

ఎందుకు ఉండిపోయిందో చూడటానికి మెమొరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్‌తో నడిపాను. దాని కింద ప్రోగ్రామ్ 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది, మెనూ విచ్చుకోవడానికే ఓపిక పట్టాలి. అంతా అయ్యాక చూస్తే ‘డెఫినిట్‌లీ లాస్ట్’ (కచ్చితంగా పోయినవి) కింద చెప్పుకోదగ్గదేమీ లేదు. గ్రాఫికల్ ప్రోగ్రాములతో వచ్చే చిక్కే ఇది. మెమొరీ చిరునామా ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒకచోట ఉన్నంతవరకు వాల్‌గ్రిండ్ దృష్టిలో ఆ మెమొరీ పోయినట్టు కాదు. అది ‘స్టిల్ రీచబుల్’ (ఇంకా అందేవి) జాబితాలో, ఫాంట్ల లైబ్రరీ వరుసల మధ్య కలిసిపోతుంది.

మెమొరీ కేటాయింపులను నమోదు చేసే హీప్‌ట్రాక్‌తో నడిపితే ఆ బొమ్మను ఏ ఫంక్షన్ కేటాయించిందో దొరికింది. అక్కడి నుంచి కోడ్ చదువుతూ వెళ్లాను. వివరాల విండో తెరుచుకున్నప్పుడల్లా ‘ఫొటో మారింది’ అనే సిగ్నల్‌కు ఒక హ్యాండ్లర్‌ను, అంటే ఆ కబురు రాగానే నడిచే ఫంక్షన్‌ను, తగిలిస్తోంది. మూసేటప్పుడు దాన్ని తీసేవారు లేరు. విండోను పట్టుకున్నవారి లెక్క (రిఫరెన్సులు) సున్నా అయితేనే దాని మెమొరీ విడుదలవుతుంది. ఆ హ్యాండ్లర్ విండో మీద రిఫరెన్స్ పట్టుకుని ఉంటే లెక్క సున్నాకు ఎలా వస్తుంది? తెరపై కనిపించని విండోలన్నీ మెమొరీలో బతికే ఉన్నాయి.

రిఫరెన్స్ పట్టుకోకుండా, విండో పోగానే దానంతటదే తెగిపోయే రకం కనెక్షన్ ఈ సిగ్నళ్లను నడిపే జీఆబ్జెక్ట్ లైబ్రరీలోనే ఉంది. దాన్ని వాడి మళ్లీ అదే పరీక్ష చేశాను, అంకె నిలబడింది. ముందువి, తర్వాతవి రెండు కొలతలూ ఆ వినియోగదారుకు పంపాను. పెద్ద ఫోల్డర్ తెరిచినప్పుడు పెరిగే మెమొరీ మాత్రం క్యాష్‌దే (మళ్లీ వాడుకోవడానికి కావాలనే దాచుకునేది), దానికి ఎంత హద్దు పెట్టాలో రేపు మాట్లాడుకోవాలి.