బుధవారం, కళాభవన్ వాకిట్లో

శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయానికి వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. పొద్దున్నే అద్దాల మందిరంలో ఉపాసన ఉంటుంది కాబట్టి తెల్లబట్టలు కట్టుకున్న పిల్లలూ పెద్దలూ సైకిళ్ల మీద వెళ్తూ కనిపిస్తారు. 1891 నాటి మందిరం అది. మా ఇంట్లో మాత్రం ఆయన రైల్వే ఉద్యోగానికి వారాలతో పని లేదు. ఆయనకు క్యారియరు కట్టి పంపించి, అంట్లు తోముకొని, ముగ్గుపిండి డబ్బా సంచిలో వేసుకొని నేనూ బయల్దేరాను.

పని పురమాయించింది శ్రీకాకుళం అమ్మాయి. విశ్వభారతి కళల విభాగమైన కళాభవన్‌లో ప్రింట్ మేకింగ్, అంటే అచ్చు చిత్రాల విద్య, చదువుతోంది. బోల్పూర్ బజారులో నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే విని పలకరించింది. అప్పటి నుంచి అక్కా అంటుంది. "అక్కా, నందన్ మేళాకు మా వాకిట్లో మీ చేతి ముగ్గు ఉండాలని మావాళ్లంతా పట్టుబట్టారు. ముందుగా ఒకసారి వచ్చి వేసి చూపించండి" అని నిన్న రాత్రి ఫోను చేసింది. కాదనడానికి మనసెలా ఒప్పుతుంది?

నందన్ మేళా ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో జరుగుతుంది. 3వ తేదీ కళాభవన్‌ను నడిపించిన చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు. ఆయనను ఇక్కడ ఇప్పటికీ 'మాస్టర్‌మొశాయ్', అంటే మాస్టారుగారు, అనే అంటారు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి తమ చేతులతో చేసిన బొమ్మలు, అచ్చు చిత్రాలు, మట్టి పాత్రలు, క్యాలెండర్లు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి పోతుంది. తోటి విద్యార్థి కష్టంలో పడితే ఆదుకోవడానికి బొమ్మ గీసి అమ్మడం అన్న ఆలోచనే నాకు ఈ మేళాలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

టోటో (బ్యాటరీ రిక్షా) దిగి లోపలికి అడుగుపెట్టగానే నా కాళ్లు 'సంతాల్ కుటుంబం' వైపు లాగుతాయి. ఇక్కడి శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన శిల్పం. సంతాలులు ఈ చుట్టుపక్కల ఉండే ఆదివాసులు. భర్త భుజాన కావడి, కావడి బుట్టలో బిడ్డ, పక్కన భార్య, వెంట కుక్క. ఉన్నదంతా మోసుకుంటూ వలస పోతున్న కుటుంబం. మన ఊళ్లలో విగ్రహం అనగానే ముందు ఎత్తైన దిమ్మె కడతారు. చూసేవాడు తల ఎత్తి చూడాలి. ఇక్కడి దిమ్మె చాలా తక్కువ ఎత్తు. పక్కన నిలబడితే వాళ్లతో పాటు మనమూ నడుస్తున్నట్టే అనిపిస్తుంది. కంచు లేదు, పాలరాయి లేదు. ఇనుప చట్రం మీద సిమెంటు, గులకరాళ్లు కలిపిన ముద్ద వేసి మలిచాడు. ఈ రోజు ఎండ ఏటవాలుగా పడుతుండగా బాగా దగ్గరికి వెళ్లి చూశాను. మనుషుల ఒళ్లంతా గరుకు. నునుపు చేయాలన్న ప్రయత్నమే లేదు. రాళ్లు పైకి తేలి, ఒక్కో రాయి పక్కన ఒక్కో చిన్న నీడ పడి, ఎండలో పనిచేసి పొక్కిన చర్మం అలాగే ఉంటుంది. భారతదేశంలో బహిరంగ స్థలంలో నిలబడ్డ తొలి ఆధునిక శిల్పం ఇదేనని కళాచరిత్ర రాసేవాళ్లు చెబుతారు. నాకు ముఖ్యం అనిపించేది వేరు. అప్పట్లో విగ్రహమంటే రాజుదో, దొరదో, మహానాయకుడిదో. బాంకురాలో క్షురకవృత్తి చేసే పేద కుటుంబంలో పుట్టిన ఈ మనిషి, తన విద్యాలయం పక్క దారిలో రోజూ నడిచివెళ్లే కూలీలను తెచ్చి నిలబెట్టాడు.

వాకిట్లో అమ్మాయిలు అప్పటికే నేల కడిగి ఆరబెట్టారు. మొదట వాళ్ల ఆల్పన, అంటే బెంగాలీ ముగ్గు, చూపించారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని నీళ్లలో పల్చగా కలిపి, చిన్న గుడ్డపీలిక అందులో ముంచి, వేళ్ల మధ్య పట్టుకొని మెల్లగా పిండుతూ ఉంటే ఉంగరపు వేలి చివరి నుంచి తెల్లటి ధార దిగుతుంది. ఆ వేలే కుంచె. గీసినప్పుడు గీత సరిగా కనిపించదు, నీటి తడిలా ఉంటుంది. ఆరుతున్న కొద్దీ తెల్లబడి పైకి తేలుతుంది. మనది పొడిపిండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి రాలిన క్షణమే గీత తేలిపోతుంది. "దిదీ, ముందే చుక్కలన్నీ పెట్టేస్తే తర్వాత చేతికి స్వేచ్ఛ ఏముంటుంది?" అని ఒక బెంగాలీ అమ్మాయి అడిగింది. జవాబు మాటల్లో చెప్పకుండా చుక్కలు పెట్టి మెలికల ముగ్గు మొదలుపెట్టాను. గీత ఎక్కడా తెగకుండా చుక్కల చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలిసేసరికి ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. తర్వాత అందరం కూర్చొని మధ్యలో నా ముగ్గు ఉంచి చుట్టూ వాళ్ల తీగలు, ఆకులు అల్లాం. ఒకదాన్ని ఇంకొకటి మింగకుండా కుదిరింది. మేళాకు ఇదే ఖాయం చేశారు.

ఇళ్లలో నోములకు, వ్రతాలకు ఆడవాళ్లు వేసుకునే ఆల్పన విశ్వవిద్యాలయంలో పాఠంగా మారడం వెనుక ఒక మనిషి ఉంది. 1920ల్లో సుకుమారీ దేవి అనే ఆవిడ ఇక్కడికి వచ్చింది. పల్లెటూరి సంప్రదాయంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడను కళాభవన్‌లో నేర్పించే స్థానంలో కూర్చోబెట్టారు. తర్వాత నందలాల్ కూతుళ్లు గౌరీ భంజ, యమునా సేన్ ఆ విద్యను ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. ఇది తెలిసిన రోజున నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ధనుర్మాసమంతా వీధి మొత్తం ఆవిడ ముగ్గు చూడటానికి వచ్చేది. ఆవిడకు కూడా ఒక బల్ల, నలుగురు శిష్యులు ఉండి ఉంటే ఎంత బాగుండేదో. మన దగ్గర సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టి స్టీలు గిన్నె బహుమతి ఇస్తాం. గురువు స్థానం ఎవరికీ ఇవ్వలేదు.

చేతులు కడుక్కొని, 'ముడీ'లో, అంటే మరమరాల్లో, ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి పెడితే తిని, నల్ల ఇల్లు చూడటానికి వెళ్లాం. ఇక్కడివాళ్లు కాలో బాడీ అంటారు. 1930ల్లో నందలాల్, రామ్‌కింకర్ దగ్గరుండి విద్యార్థులతో కట్టించిన మట్టి ఇల్లు. గోడల మీద మట్టితోనే ఉబ్బెత్తు బొమ్మలు, పైన తారు పూత. ప్రాచీన బౌద్ధ స్తూపం భర్హుత్ శిల్పాలూ ఈజిప్టు బొమ్మలూ ఒకే గోడ మీద ఇరుగుపొరుగుల్లా ఉంటాయి. అది విద్యార్థుల వసతిగృహంగా ఉండేది. బొమ్మల మధ్యే పడుకొని, బొమ్మల మధ్యే బట్టలు ఆరేసుకొని చదువుకున్నారు. మట్టి గోడకు ఒక షరతు ఉంది: చూసుకునే చేతులు లేకపోతే నాలుగు వానాకాలాలకు కరిగిపోతుంది. అది ఇప్పటికీ నిలబడి ఉందంటే, తరం తర్వాత తరం దాన్ని తమ ఇంటి గోడ అనుకున్నారన్నమాట.

హిందీ భవన్ సెలవు వల్ల మూసి ఉంది. లోపల వినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో వేసిన మధ్యయుగ సాధువుల చిత్రం ఉంది. మూడు గోడల పైభాగమంతా కలిపి దాదాపు 23 మీటర్ల పొడవు. కబీరు, తులసీదాసు, సూరదాసు, రామానుజులు, మామూలు జనం, అందరూ ఒక నదిలా సాగిపోతారు. పూర్తి నమూనా గీసి గోడ మీదికి ఎక్కించుకోకుండా, తడి సున్నం ఆరేలోపు నేరుగా వేసుకుంటూ పోయాడు. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేని మనిషి. 1956-57 ప్రాంతంలో ఆ కాస్త చూపూ పోయింది. అయినా 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకల చిత్రం చేశాడు. కాగితాలు మడిచి, కత్తిరించి, వేళ్లతో తడిమి ఆకారాలు నిర్ణయించుకున్నాడు. ఆ గోడ దగ్గర శ్రీకాకుళం అమ్మాయి కళ్లు మూసుకొని పలకల అంచుల వెంట వేలు పోనిచ్చింది. నేనూ అలాగే చేశాను. చల్లటి పలక, సన్నటి సందు, మళ్లీ పలక. చూపున్నవాళ్ల కోసం చూపులేని మనిషి చేసిన బొమ్మను అలా తాకి చూస్తుంటే ఇద్దరికీ మాట రాలేదు.

డిజైన్ విభాగం భవనం గోడల నిండా ఉన్న నలుపు తెలుపు బొమ్మలు చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్‌వి. అందరికీ మణిదా. ఇక్కడ గురువులను కూడా దా (అన్న), ది (అక్క) అనే పిలుస్తారు. కేరళలో పుట్టి, ఇక్కడ చదివి, బరోడాలో బోధించి, 1980లో మళ్లీ ఇక్కడికే వచ్చాడు. ఎనభై దాటిన వయసులో కూడా ఈ గోడల కోసం పరంజా ఎక్కాడు. మన మెదక్ బిడ్డ, చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ బరోడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాడని చెబితే ఆ అమ్మాయికి ఎంత సంతోషమో! ఈ చెట్టు కొమ్మ ఒకటి మన ఇంటి వైపు కూడా వంగిందని నాకూ గర్వంగానే ఉంటుంది.

మధ్యాహ్నం ఇంటికి తిరిగి వస్తూ 'మిల్లు పిలుపు' దగ్గర ఆగాం. 1956లో రామ్‌కింకర్ చేసినది. మిల్లు కూత విని ఇద్దరు సంతాల్ స్త్రీలు పరుగెడుతుంటారు. తడి బట్టలు గాలిలో ఆరుతూ ఉంటాయి, వెనకాల పిల్లవాడు ఉరుకుతుంటాడు. మేము అక్కడ ఉండగానే తట్టలు పట్టుకున్న కూలి స్త్రీలు పక్క దారిలో వెళ్లారు. ఒకామె శిల్పం వైపు చూసి తోటి ఆమెతో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. సంతాలీ నాకు అర్థం కాదు. కానీ ఆ నవ్వు తమవాళ్లను చూసి నవ్వే నవ్వు.

2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సంతోషమే. వచ్చేవాళ్లు శిల్పాల ముందు ఫోటోలు దిగి వెళ్తారు. కానీ ఈ శిల్పాలను పుట్టించింది ఒక అలవాటు. దాన్ని కూడా చూసి వెళ్లాలని నా ఆశ. ఏటా మార్చి 10న గాంధీ పుణ్యాహం చేస్తారు. 1915లో గాంధీగారు ఇక్కడికి వచ్చి, వంట, పారిశుద్ధ్యం మీరే చేసుకోండని పిల్లలకు చెప్పిన రోజు అది. ఆ రోజు చీపుర్లు, గరిటెలు విద్యార్థుల, గురువుల చేతుల్లో ఉంటాయి. వానాకాలంలో మొక్కలు నాటే పండుగ, విశ్వభారతి గ్రామీణ విభాగమైన శ్రీనికేతన్‌లో ఆల్పన వేసిన నేల మీద నాగలి పట్టే హలకర్షణం. ఆ నాగలి పండుగనే నందలాల్ 1930లో శ్రీనికేతన్ గోడ మీద చిత్రించాడు. పొలం దున్నడమూ గోడ మీద బొమ్మ వేయడమూ ఒకే చదువులో భాగమని నమ్మినవాళ్లు కాబట్టే ఇవన్నీ చేయగలిగారు.

నేను చదువుకున్న కాలేజీలో వ్యవస్థాపకుడి సిమెంటు విగ్రహం ఒకటి ఉండేది, చుట్టూ ఇనుప కటకటాలు, తాళం. ఏడాదికోసారి తాళం తీసి దండ వేసేవాళ్లు. పొడవాటి ప్రహరీగోడ నిండా 'ఇచట ప్రకటనలు అంటించరాదు' అని రాసి ఉండేది. బొమ్మలు వేసుకుంటాం, ఆ గోడ ఇవ్వండని చదువుకునే రోజుల్లో మేమెవరమూ అడగలేదు. అడగవచ్చని మాకెవరూ చెప్పలేదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర అడివి బాపిరాజు చిత్రకళ నేర్చుకున్న నేల కదా మనది!

సాయంత్రం, కృష్ణా జిల్లాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలికి ఈ రోజు తీసిన ఫోటోలన్నీ పంపి, సంక్రాంతి సెలవుల ముందు బొమ్మలు వేయడానికి మీ ప్రహరీగోడ పిల్లలకు ఇప్పించగలవా అని అడిగాను. గంటలో జవాబు వచ్చింది. "గోడ ఉంది. ప్రిన్సిపాల్ గారి అనుమతి నేను తెస్తాను. సున్నం, రంగుల ఖర్చుకు పూర్వ విద్యార్థులను అడుగుతాను. పిల్లలకు మొదటి రోజు ఏం చెప్పమంటావు?"

కుంచెలు ఇవ్వవద్దని రాశాను. మొదటి రోజు గేటు దగ్గర నిలబడి ఆ గోడ పక్కగా ఎవరెవరు నడిచివెళ్తున్నారో చూడమను, వాళ్లతో మాట్లాడమను. ఆ చుట్టుపక్కల ముగ్గులో చెయ్యి తిరిగిన ఒక పెద్దావిడను వెతికి, కుర్చీ వేసి, గురువుగా పిలవమను. మిగతాది రెండో రోజు మాట్లాడుకుందాం.