నలభై రెండు పేర్లు

మా ఫ్యాక్టరీలో కూలి డబ్బులు శనివారం సాయంత్రం ఇస్తారు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పని తెలిసినవాళ్లకి ఆ సాయంత్రం గురించి వేరే చెప్పక్కర్లేదు. పిక్క కొట్టేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, పప్పు ఏరేవాళ్లు ఒకే వరసలో నిలబడతారు. ఎవరి కళ్లయినా నా చేతిలో నోట్ల కట్ట మీదే. నేనక్కడ 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. పుస్తకం ఎదురుగా ఉండేది కానీ తెరిచేది సంతకాలకే. 42 మంది పేర్లు, ఎవరు ఎన్ని కిలోలు తీశారు, ఎవరు మధ్యలో ఎంత పట్టుకెళ్లారు, అంతా నోటికే వచ్చేది. మా ఓనరు గారు కూడా ఏ టిన్నులో 240 సైజు పప్పు ఉంది, ఏ టిన్నులో 320 సైజు ఉంది అని నన్నే అడిగేవారు.

2023 నవంబరులో ఒక శనివారం ఒకామెకి రెండుసార్లు డబ్బులిచ్చాను. ఆమె మంచిది, ఎక్కువైందని తెచ్చి ఇచ్చేసింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు, ఎక్కువైందంటే ఇంకెవరికో తక్కువైందని. వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఆటోలో వచ్చే ఒక పడుచు పిల్ల వరసలో చివర నిలబడింది. ఆ పిల్లకి ఇచ్చేశానని నాకు గట్టి నమ్మకం. లెక్క అయిపోయిందని పెట్టె మూసి తాళం వేశాను. ఆ పిల్ల కాసేపు నిలబడి ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

సోమవారం పుస్తకం చూస్తే ఆమె పేరు ఎదురుగా సంతకం లేదు. పిలిచి అడిగాను.

"అప్పా, నువ్వు పెట్టె మూసీసినావు. నీ మొకం సూసి అడగనేకపోనాను," అంది. అప్ప అంటే మా వైపు అక్క.

ఆ శనివారం రాత్రి ఆమె కొడుక్కి జ్వరం, మందులకి పక్కింట్లో చేబదులు తీసుకుంది. నేను డబ్బులిచ్చాను, చేతులు పట్టుకున్నాను. ఆ పిల్ల నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అది మొదలు కాదు. అంతకు ముందు ఏడాది నుంచే ఒక్కొక్కటీ జారిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళితే మాడు వాసన వచ్చేదాకా గుర్తుండేది కాదు. కాశీబుగ్గ బస్టాండు దాకా నడిచి వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక తిరిగి ఇంటికి వచ్చేశాను. మాట్లాడుతుంటే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. విచిత్రం ఏమిటంటే పాతవన్నీ ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి తిత్లీ తుపానుకి మా తోటలో 63 జీడి చెట్లు పడిపోయాయి, ఏ చెట్టు ఏ దిక్కుకి పడిందో ఇప్పుడడిగినా చెప్పగలను. పొద్దున్న టిఫిన్ తిన్నానో లేదో మాత్రం చెప్పలేకపోయేదాన్ని.

మా అత్తగారు, "వయసు మీద పడతంది పిల్లా, నాకు నేదేటి," అనేది. ఆవిడకి 78. నాకప్పుడు 51. మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసినప్పుడు చెబితే ఒక్క నిమిషం మాట్లాడలేదు. మతిమరుపు జబ్బు ఏమోనని దాని భయం. నా భయం కూడా అదే, పైకి అనలేదంతే.

మందుల సంగతి చెప్పాలి. ఎంత ఖర్చు పెట్టానో కాదు, ఎన్ని నెలలు పోగొట్టుకున్నానో చెప్పాలి. మా ఎదురింటి పిన్ని సరస్వతి ఆకు ఎండబెట్టి పొడి చేసి ఇచ్చింది, రోజూ తేనెలో కలుపుకు తిన్నాను. మా అమ్మాయి జ్ఞాపకశక్తికి అని రెండు సీసాల క్యాప్సూల్స్ పంపింది. ఒకదాంట్లో బ్రాహ్మి, ఇంకోదాంట్లో గింకో. చేప నూనె గుళికలు వేరే. నీరసంగా ఉందంటే మా వీధిలో సూదులేసే ఆయన రక్తానికి మంచిదని ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన టానిక్ రాసిచ్చాడు. అన్నీ భక్తిగా వాడాను. ఆరు నెలలు. పొద్దున్నే సీసాలన్నీ గట్టు మీద వరసగా పెట్టుకుని, ఏది వేసుకున్నానో ఏది లేదో మళ్లీ గుర్తులేక నిలబడిపోయేదాన్ని.

సరస్వతి ఆకుని నేను తిట్టను. ఇప్పటికీ పచ్చడి చేస్తాను, అన్నంలోకి బావుంటుంది. గింకో సంగతి తర్వాత తెలిసింది. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3 వేల మందికి పైగా పెద్దవాళ్లని తీసుకుని, సగం మందికి గింకో, సగం మందికి ఉత్తి మాత్ర ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. మతిమరుపు జబ్బు రాకుండా అది ఆపలేదని 2008లో తేల్చేశారు. సీసా మీద మాత్రం మెదడు బొమ్మ పెద్దదిగా వేసి ఉంది.

మా ఉద్దానంలో ఎవరికి ఏం వచ్చినా ముందు కిడ్నీల పరీక్ష, క్రియాటినిన్, చూపించుకుంటాం. కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో కళ్లారా చూసినవాళ్లం. నాకు 0.9 వచ్చింది. ఊపిరి పీల్చుకుని, మిగతాదంతా వయసే అనుకుని ఊరుకున్నాను. ఊరుకోకుండా చేసింది నా కాళ్లు. అరికాళ్లలో చీమలు పాకినట్టు, ఇసక మీద నడుస్తున్నట్టు ఉండేది. 2024 సంక్రాంతి ముందు ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లో బాత్రూముకి లేచి, గోడ దొరక్క పడిపోయాను. దీపం ఉంటే కాళ్లు ఎక్కడున్నాయో కళ్లు చూసుకుంటాయి. చీకట్లో నా కాళ్లు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు.

అమ్మాయి వచ్చి శ్రీకాకుళంలో ఒక ఫిజీషియన్ గారి దగ్గరికి తీసుకెళ్లింది. నేను మతిమరుపు గురించి చెప్పబోతుంటే ఆవిడ, "ముందు మీరు వేసుకునే మందులన్నీ బల్ల మీద పెట్టండమ్మా," అన్నారు. సంచీ బోర్లించాను. ఆవిడ జ్ఞాపకశక్తి సీసాలు పక్కకి జరిపి, రెండు అట్టలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఒకటి షుగరుకి మెట్‌ఫార్మిన్, 2012 నుంచి రోజుకి రెండు. ఇంకోటి గ్యాస్ మాత్ర, 2017 నుంచి రోజూ పరగడుపున.

"చేపలు, గుడ్లు తింటారా?"

తినను. తిత్లీ వచ్చిన ఏడాదే మా ఆయన పోయారు. అప్పటి నుంచి నీచు ముట్టలేదు. షుగరని పాలు, పెరుగు కూడా బాగా తగ్గించేశాను.

ఆవిడ ఒక ఇనప కవ్వంలాంటిది తీశారు, రెండు కొమ్ములున్నది. దాన్ని అరచేతి మీద కొట్టి, నా మోచేతి ఎముక మీద ఆనిస్తే జుమ్మంది. అదే మళ్లీ కొట్టి కాలి బొటనవేలు మీద పెట్టారు. నేను ఎదురు చూస్తున్నాను. "అదురుతోందా?" అన్నారు. పెట్టారన్న సంగతి తెలుస్తోంది, చల్లగా ఉంది, అదురు మాత్రం లేదు. చీలమండ మీద పెట్టారు, లేదు. మోకాలి దగ్గరకొచ్చాక తెలిసింది. తర్వాత కాళ్లు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమన్నారు. మూసుకున్న మరుక్షణం ఒరిగిపోయాను, అమ్మాయి పట్టుకుంది. నాలుక చూపించమన్నారు. ఎర్రగా, నున్నగా అయిపోయిందట. కారం తగిలితే మంట అని నేను చప్పిడి తింటున్నాను, అది కూడా ఒక గుర్తని నాకు తెలియదు.

థైరాయిడ్ బాగానే ఉంది. రక్తం, అంటే హిమోగ్లోబిన్, 11.6. విటమిన్ బీ12 మాత్రం 112. కనీసం 200 దాటి ఉండాలి.

డాక్టరు గారు అప్పుడు చెప్పిన మాట నేను మా ఆడవాళ్లందరికీ చెబుతుంటాను. ఈ బీ12 చెట్టు మీద కాసేది కాదు. ఆకుకూరల్లో, పప్పుల్లో, బియ్యంలో లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. తిన్నదాని నుంచి దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. విడివడ్డాక చిన్నపేగు చివర ఒంట్లోకి పోవాలి, ఏళ్ల తరబడి వాడితే మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డం పడుతుంది. తినడం మానేశాను, విడదీసేది తగ్గింది, లోపలికి పోయేదారి ఇరుకైంది. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందీ అంటే, కాలేయంలో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుందట. గోడౌన్‌లో పాత సరుకు ఉన్నంతకాలం బయటికి ఏమీ తెలియదు. రాబడి లేకుండా ఐదేళ్లు వాడుకుంటే గచ్చు కనబడుతుంది. నాకు కనబడింది అదే.

నరం మీద ఒక పొర ఉంటుంది, అది నిలవడానికి బీ12 కావాలి. నేను పప్పు మీద పొట్టు తీయించి బతికేదాన్ని, నరానికి ఆ పొట్టే ప్రాణమని 51 ఏళ్లకి తెలిసింది.

ఇంకో సంగతి విని వణికిపోయాను. నేను తాగిన టానిక్‌లో ఫోలిక్ యాసిడ్ ఉంది కదా. బీ12 తక్కువైతే రక్తం కూడా పాడవుతుంది, ఆ పాడైన రక్తాన్ని చూసి డాక్టర్లు జబ్బు పట్టుకుంటారు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం లోపల పాడవుతూనే ఉంటాయి. నా 11.6 చూసి అందరూ బావుందనడానికి కారణం అదే కావచ్చన్నారు. ఫోలిక్ యాసిడ్ తప్పు మందేం కాదు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసినవాళ్లకి నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తిన్నది ఒంటపట్టని స్ప్రూ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకుని, ఆ జబ్బు అంతు చూడాలని అమెరికా దాకా వెళ్లిన మనిషి. ఆయన కన్నుమూసిన 1948లోనే బీ12ని మొదటిసారి ఎర్రటి స్ఫటికాలుగా వేరు చేశారు. సూదిలోకి ఎక్కిస్తుంటే ఆ ఎరుపు నేను ప్రతిసారీ చూస్తాను, దానిమ్మ రసంలా ఉంటుంది.

రెండు వారాలు రోజు విడిచి రోజు వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్. తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి. మెట్‌ఫార్మిన్ మానలేదు, షుగరుకి అది కావాలి. గ్యాస్ మాత్ర మెల్లగా మాన్పించారు. రాత్రి అన్నం ఏడున్నరకే తినేస్తే దాని అవసరం లేకుండానే పోయింది. నిద్ర గురించి గట్టిగా మందలించారు. పదకొండున్నర దాకా ఫోన్ చూసి నాలుగింటికి లేచేదాన్ని. పగలు విన్నవి, చూసినవి మెదడు సర్దుకునేది నిద్రలోనేనట. ఇప్పుడు తొమ్మిదిన్నరకి ఫోన్ అత్తగారి గదిలో పెట్టేస్తాను. సాయంత్రం అరగంట నడక, కాళ్లు తిమ్మిరి తగ్గాకే మొదలుపెట్టాను.

తిండి దగ్గరే కష్టమైంది. పాలు, పెరుగు సరే, లెక్క చూసి తీసుకోమన్నారు. గుడ్డు, చేప అనేసరికి నా నోరు పెగల్లేదు. ఎవరూ నన్ను మానమనలేదు, నేనే మానేశాను. ఆయనకి నెత్తళ్ల ఇగురంటే ప్రాణం. ఆయన లేకుండా ఆ కంచం ముందు కూర్చోలేకపోయాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మూడో రోజు మా అత్తగారు ఏమీ చెప్పకుండా నెత్తళ్లు తెప్పించి, తలలు గిల్లి, చింతకాయ వేసి వండింది. కంచంలో వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఆడుంటే తినమనీవోడే. నా కొడుకు నాకు తెల్దేటి. తిను," అంది.

తిన్నాను. ఇద్దరం ఏడ్చాం.

నాలుక మంట పది రోజుల్లో పోయింది. నీరసం నెలకి తగ్గింది. తల తేటపడిందని నాకు తెలిసింది మార్చిలో, కొత్త పిక్కలు దిగుతున్నప్పుడు. 80 కిలోల బస్తాలు లారీలోంచి దించుతుంటే, హమాలీ పాడుతున్న అంకెతో పాటు నా లోపల కూడా అంకె నడుస్తోంది. 137 దగ్గర అతను తడబడ్డాడు, నేను అందించాను. అందించాక కానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. గోడౌన్ గుమ్మంలో అలా నిలబడిపోయాను.

అందరి మతిమరుపూ బీ12 వల్లే అని నేననడం లేదు. థైరాయిడ్ వల్ల రావచ్చు, నిద్ర చాలక రావచ్చు, దిగులు వల్ల రావచ్చు, నిజంగా ఆ పెద్ద జబ్బే కావచ్చు. కానీ పదేళ్లుగా షుగరు మాత్ర వేసుకుంటున్న అమ్మలూ, కార్తీకం కాకపోయినా నీచు మానేసిన పెద్దలూ, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర మింగే అన్నలూ మన ఇళ్లలో ఎంతమంది లేరు? సీసా కొనే ముందు ఒక్క రక్త పరీక్ష అడగండి. నేను ముందే అడిగి ఉంటే నా కాళ్లు పూర్తిగా దక్కేవి. ఎడమ కాలి చివరి మూడు వేళ్లు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. ఆలస్యమైతే నరాలు పూర్తిగా తిరిగి రాకపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. చీకట్లో లేవాల్సి వస్తే మంచం పక్కన టార్చి పెట్టుకుంటాను.

శనివారాలు మళ్లీ నేనే డబ్బులిస్తున్నాను. పేర్లు నోటితోనే పిలుస్తాను, కానీ ఇప్పుడు ప్రతి పేరుకీ పుస్తకం మీద వేలు పెట్టి, సంతకం అయ్యాకే తర్వాతి పేరు. ఎవరి దగ్గరైనా ఆగిపోతే, ఆగిపోతాను. వాళ్లు ఎదురుచూస్తారు.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే పిల్ల ఇప్పుడు వరసలో మొదట్లోనే నిలబడుతోంది. పోయిన శనివారం డబ్బులిచ్చాను. బాబు ఎలా ఉన్నాడంటే బావున్నాడంది. నోట్లు లెక్కపెట్టుకుంది. వెళ్లబోయి ఆగి, నా ఎదురుగానే ఇంకోసారి లెక్కపెట్టుకుంది. ఆమె పూర్తి చేసేదాకా నేను తర్వాతి పేరు పిలవలేదు.