ఆగస్టు ఎండలో దుబాయ్ ఫ్లాట్ల వేట

దుబాయ్‌లో ఫ్లాట్ చూడటానికి మనవాళ్ళు ఎక్కువగా డిసెంబరులోనో జనవరిలోనో వెళ్తారు, అప్పుడు వాతావరణం హాయిగా ఉంటుంది, సాయంత్రం మెరీనా ఒడ్డున నడిచాక ఏ ఫ్లాట్ చూపించినా నచ్చేస్తుంది. మేము మాత్రం 2025 ఆగస్టులో కావాలనే వెళ్ళాం. ఆ సలహా మా బావది. జగిత్యాల నుంచి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడ ఏసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాడు. "ఎండల వచ్చి జూడు బామ్మర్దీ, బిల్డింగ్ ఎసొంటిదో అప్పుడే ఎరుకైతది" అన్నాడు ఫోన్లో. ఎయిర్‌పోర్టు తలుపు దాటి బయట అడుగుపెట్టగానే కళ్ళద్దాలు మంచుపట్టినట్టు మసకబారాయి, రాత్రి పదింటికి ఆ వేడి!

మొదట చూసినవన్నీ ఆఫ్-ప్లాన్, అంటే ఇంకా కట్టనివి. ఏజెంట్లు కారు పంపిస్తారు, సేల్స్ సెంటర్‌లో ఖర్జూరాలు, కాఫీ, గది మధ్యలో లైట్లు వెలిగే పెద్ద మోడల్, పక్కనే పూర్తిగా ఫర్నిచర్ పెట్టిన నమూనా ఫ్లాట్. నిర్మాణం సాగేకొద్దీ 60 శాతం, తాళాలిచ్చేటప్పుడు 40 శాతం కట్టాలన్నారు. అసలు స్థలం చూపించమని పట్టుబడితే ఊరి చివర దుబాయ్ సౌత్ అనే ప్రాంతం వైపు తీసుకెళ్ళారు. ఇసుక, కంచె, ఒక బోర్డు. పక్కనే అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్టు విస్తరణ వస్తోందని ఏజెంట్ పదేపదే చెప్పాడు, అది నిజమే, 12,800 కోట్ల దిర్హాంలతో కొత్త టెర్మినల్ కట్టడానికి 2024లో ఆమోదం ఇచ్చారు, ఏడాదికి 26 కోట్ల మంది ప్రయాణికుల కోసమట. ఈ ఊరు మాట ఇస్తే కడుతుందన్న నమ్మకం నాకు ఉంది, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను కింద నిలబడి చూసినవాళ్ళెవరికైనా ఉంటుంది. కానీ ఆ టవర్ పేరులోనే ఇంకో కథ కూడా ఉంది. కడుతున్నన్నాళ్ళూ అది బుర్జ్ దుబాయ్. 2009 నవంబరులో దుబాయ్ ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపుకు గడువు అడిగింది, డిసెంబరులో అబుదాబి 1,000 కోట్ల డాలర్లతో ఆదుకుంది, 2010 జనవరిలో ప్రారంభం నాడు అబుదాబి పాలకుడి పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇళ్ళ ధరలు సగానికి సగం పడిపోయాయి. 2007 నుంచే ఎస్క్రో చట్టం ఉంది, కొనేవాళ్ళ డబ్బు ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, పనులు సాగినదాన్ని బట్టే బిల్డర్‌కు విడుదలవుతుంది. అది మంచి రక్షణే. కాకపోతే అది కట్టిన డబ్బుకు రక్షణ, రేటుకు కాదు. ఇసుకలో బోర్డు చూసి మూడేళ్ళ తర్వాతి ధర మీద పందెం కాయడం నాకు ఇష్టంలేదు.

సైట్‌కి వెళ్ళింది మధ్యాహ్నం ఒంటిగంటకు. క్రేన్లన్నీ ఆగి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. మా ఆవిడ "మరి మిగతా టైములో?" అంది. మిగతా టైములో కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్లల నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది ఆ ఎండలోనే ఉంటారు. మా బావ మొదట్లో సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఇరుకు గదిలో బంకు మంచం మీద బతికాడు. ఆ ఊరి అందం గురించి రాసేవాళ్ళు ఈ సంగతి రాయకుండా వదిలేస్తే నాకు కోపం వస్తుంది.

ఆదివారం బావకు సెలవు. ఆ రోజు ఏజెంట్లు లేకుండా, మెట్రోలో, బావతో తిరిగాం. నా దృష్టిలో అసలు ప్రయాణం అదే. ఏ ఫ్లాట్‌లోకి వెళ్ళినా బావ హాల్లో ఆగడు, ముందు కారిడార్‌లో చల్లదనం ఎలా ఉందో చూస్తాడు, తర్వాత ఏసీ గాలి వచ్చే జాలీల చుట్టూ బూజు ఉందేమో చూస్తాడు, పడమటి గోడ మీద చెయ్యి పెడతాడు. "ఈడ అసలు ఖర్చు చల్లగ ఉంచుకునుడే" అంటాడు. ప్రకటనల్లో 'చిల్లర్ ఫ్రీ' అని ఎందుకు గొప్పగా రాస్తారో అప్పుడు అర్థమైంది. కొన్ని బిల్డింగులకు చల్లటి నీళ్ళు బయటి ప్లాంట్ నుంచి పైపుల్లో వస్తాయి, వాటికి వాడకం బిల్లుతో పాటు స్థిర చార్జీ వేరే ఉంటుంది, ఫ్లాట్ ఖాళీగా ఉన్నా అది ఆగదు. చిల్లర్ ఫ్రీ అంటే అద్దెకుండేవాళ్ళకు ఆ బిల్లు రాదు. అయితే ఆ ఖర్చు బిల్డింగ్ నిర్వహణకు కట్టే సర్వీస్ చార్జీలో కలిసి యజమాని మీద పడిందేమో అడిగి తెలుసుకోవాలి, ఈ ప్రశ్న వేస్తే చాలామంది ఏజెంట్లు మాట మార్చేశారు.

జేవీసీ, అంటే జుమేరా విలేజ్ సర్కిల్ అనే ప్రాంతంలో అందమైన ఫ్లాట్లు చూశాం, కానీ అక్కడ మెట్రో స్టేషన్ లేదు, చుట్టూ ఎటు చూసినా కొత్త బిల్డింగులు లేస్తున్నాయి, అవన్నీ పూర్తయ్యాక అద్దెల పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి డిస్కవరీ గార్డెన్స్‌లో ఒక స్టూడియో ఖాయం చేసుకున్నాం. ఎత్తు తక్కువ బిల్డింగులు, చెట్లు, మెట్రో నడిచి వెళ్ళేంత దూరం, లోపల అప్పటికే అద్దెకు ఉంటున్న కుటుంబం.

లెక్క దాచుకోను. ధర 6,00,000 దిర్హాంలు. ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు 4 శాతం, అంటే 24,000. బ్రోకర్‌కు 2 శాతం, దానిపై వ్యాట్, కలిపి 12,600. రిజిస్ట్రేషన్ చేసే ట్రస్టీ ఆఫీసుకు 4,200. అద్దె ఏడాదికి 45,000, చదరపు అడుగుకు 14 చొప్పున 500 అడుగులకు సర్వీస్ చార్జీ 7,000. మిగిలేది 38,000, పెట్టిన మొత్తం మీద 6 శాతానికి కాస్త తక్కువ, రిపేర్లు ఇంకా తియ్యలేదు. బ్రోచర్లలో కనిపించే పెద్ద శాతాలు సర్వీస్ చార్జీ తియ్యకముందువి. అక్కడ నివాసం ఉండనిచ్చే పదేళ్ళ గోల్డెన్ వీసాకు 20 లక్షల దిర్హాంల ఆస్తి కావాలి, మాకు దానితో పనిలేదు.

డబ్బు పంపడం దగ్గరే ఎక్కువ టెన్షన్ పడ్డాం. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, ఆ ఇబ్బంది లేదు. కానీ 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, వసూలు చేస్తుంది. ఇద్దరి పేర్లతో సగం సగం పంపినా దాదాపు 26 లక్షలు అలా ఆగిపోయాయి. రిటర్నులో సర్దుబాటవుతుంది, మిగిలింది వెనక్కొస్తుంది, కానీ అన్నాళ్ళూ ఆ సొమ్ము చేతిలో ఉండదు. ఇది ఏ సేల్స్ సెంటర్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

రిజిస్ట్రేషన్‌కు నవంబరులో మళ్ళీ వెళ్ళాం. బిల్డర్ ఎన్ఓసీ, మేనేజర్ చెక్కు, పాస్‌పోర్టులు చూసి, సంతకాలయ్యాక కాసేపటికే టైటిల్ డీడ్ చేతికొచ్చింది. మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కూర్చున్న అనుభవం ఉన్నవాడిగా చెబుతున్నా, ఆ పద్ధతి చూస్తే గౌరవం కలిగింది. అద్దెకున్నవాళ్ళ ఎజారీ ఒప్పందం, అంటే ప్రభుత్వం దగ్గర నమోదైన అద్దె ఒప్పందం, ఆ తర్వాతి ఏడాది దాకా ఉంది. మేమే వచ్చి ఉండాలనుకున్నా, అమ్ముకోవాలనుకున్నా ఖాళీ చేయమని వాళ్ళకు 12 నెలల ముందు నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో నోటీసు ఇవ్వాలి. వాళ్ళను అలాగే ఉండమన్నాం. ఇక ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏలో ఫ్లాట్ వివరాలు రాయాలి, ఆ అద్దె మీద పన్ను కట్టాలి, ఆ కాగితాలన్నీ ఆడిటర్‌కు ఇచ్చేశాను.