మోకాలు కొత్తది, రాత్రులు పొడుగు

మోకాలి మార్పిడి ఆపరేషన్ అనగానే అందరూ ఒకటే మాట అంటారు: "మర్నాడే నడిపిస్తారట!" నిజమే, నడిపిస్తారు. నన్నూ నడిపించారు. వాకర్ పట్టుకుని, ఒక పక్క నర్సు, ఇంకో పక్క ఫిజియోథెరపీ అమ్మాయి ఉండగా వార్డు తలుపు దాకా వెళ్ళి వచ్చాను. మా అబ్బాయి వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. దండాలు, చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. అందులో నేను నవ్వుతున్నాను కూడా. కాలి నరానికి ఇచ్చిన మత్తు ఇంకా పూర్తిగా దిగలేదన్న సంగతి వీడియోలో కనబడదు కదా.

అది దిగాక ఏం జరిగిందో ఎవరూ వీడియో తీయలేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. వరంగల్ చుట్టుపక్కల పల్లెవెలుగు బస్సుల్లోనే సర్వీసంతా గడిచింది. కదిలే బండిలో నిలబడి టికెట్లు కొట్టాలి, బ్రేకు పడ్డప్పుడల్లా ఆ కుదుపును మోకాళ్ళతో ఆపుకోవాలి. మేడారం జాతర స్పెషల్ డ్యూటీలు పడితే పగలూ రాత్రీ ఒకటే. ఉద్యోగం వల్లే గుజ్జు అరిగిందని డాక్టర్ తేల్చి చెప్పలేదు. వయసు, బరువు, వంశం అన్నీ కలుస్తాయన్నారు. మా అమ్మవీ దొడ్డికాళ్ళే, ముసలితనంలో గోడలు పట్టుకునే తిరిగింది. నా ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు సందన్నదే లేదు, ఎముక మీద ఎముక కూర్చుంది. ఎడమది కాస్త నయం.

మా తరానికి ఈ ఆపరేషన్ అంటే వాజపేయి గారే గుర్తొస్తారు. ప్రధానిగా ఉండగానే 2000లో ఎడమ మోకాలు, 2001లో కుడి మోకాలు ముంబైలో మార్పించుకున్నారు. అప్పట్లో బస్సులో పేపర్ చదివేవాళ్ళు దాని గురించి మాట్లాడుకుంటుంటే, ఇవన్నీ పెద్దోళ్ళ వైద్యాలులే అనుకునేవాణ్ణి. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల, అంటే మోకాల్లో బిగించే కృత్రిమ భాగాల, ధరకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం అంతకుముందు లక్షన్నర పైన పలికేది, జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలకు దిగింది. అయినా గది, డాక్టర్, మందులు, ఫిజియో అన్నీ కలిస్తే రిటైరైనవాడికి చిన్న ఖర్చేం కాదు. డబ్బు సంగతి ఎందుకు ఎత్తానంటే, రాత్రిళ్ళు నా బుర్ర తిన్నవాటిలో అదీ ఒకటి.

మోకాలు మొత్తం తీసి కొత్తది బిగిస్తారని చాలామంది అనుకుంటారు. తొడ ఎముక కింది కొసను, దాని కింది ఎముక పై కొసను కొన్ని మిల్లీమీటర్లు చెక్కి లోహపు తొడుగులు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. అంతే. చుట్టూ ఉన్న కండ, నరాలు, చర్మం అన్నీ పాతవే, మనవే. కోత పడింది వాటికి, నొప్పి కూడా వాటిదే. "మేం పెట్టింది అరిగే నొప్పి తీసేస్తుంది. కోసిన నొప్పి మాత్రం మీ ఒళ్ళే మాన్పుకోవాలి, పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు" అన్నారు డాక్టర్. ఆపరేషన్‌కు ముందూ ఈ మాట చెప్పారట. మా ఆవిడకు గుర్తుంది. నా చెవికి మాత్రం "మర్నాడే నడక" ఒక్కటే ఎక్కింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు బెల్లు కొడితే నర్సు వచ్చేది, ఇంజెక్షన్ ఇచ్చేది. ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. నొప్పి మాత్ర వేసుకుంటే కడుపు బిగుసుకుపోయేది, నోరంతా చేదు, అన్నం ముద్ద దిగేది కాదు. వేసుకోకపోతే వ్యాయామం చేయలేను. పక్కకు తిరిగి పడుకోవడానికి లేదు. వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తూ గంటలు లెక్కపెట్టడమే. పల్లెటూళ్ళలో నైట్ హాల్ట్ డ్యూటీలు ఎన్నో చేశాను, బస్సు సీట్ల మీదే దోమల్లో నిద్రపోయాను. అలాంటివాడికి సొంత ఇంట్లో, పరుపు మీద కన్ను మూతపడలేదు.

ముందు దిండు సంగతి చెప్పాలి. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చినంత హాయి. కానీ అలా పెట్టకూడదు. వంగి ఉండగానే బిగుసుకుపోతే కాలు మళ్ళీ తిన్నగా చాపలేం, జన్మంతా కుంటు మిగులుతుంది. దిండు మడమ కింద ఉండాలి, మోకాలి కింద ఖాళీ ఉండాలి. అలా పెట్టిన రెండు నిమిషాలకే మోకాలి వెనక ఎవరో పట్టి లాగుతున్నట్టు మొదలవుతుంది. రాత్రి చీకట్లో నేను మెల్లగా దిండు పైకి జరుపుకునేవాణ్ణి. మా ఆవిడ నిద్రలోనే చెయ్యి చాపి, తడిమి చూసి, మళ్ళీ కిందికి లాగేసేది. ఒకరోజు గట్టిగా అరిచాను.

"ఎందుకు తీసినవ్? నొప్పి నీకా నాకా?"

"తీయకపోతే రేపు కాలు గట్లనే వంకరగ బిగుసుకపోతది. ఇంత పైసలు పెట్టి మల్ల కుంటుతవా?" అని అటు తిరిగి పడుకుంది.

ఆ "పైసలు" అన్న మాట గుచ్చుకుంది. ఏడ్చాను. ఆమెకు వినబడిందో లేదో తెలియదు. నాకు ఏడుపు అంత తేలిగ్గా రాదు. మా నాయన పోయినప్పుడు కూడా పనుల్లో పడి ఏడవలేదు. అలాంటిది ఆ తర్వాత టీలో చక్కెర తక్కువైనా గొంతు పూడుకుపోయేది. టీవీలో ఎవరో ముసలాయన చకచకా మెట్లెక్కితే ఛానెల్ మార్చేసేవాణ్ణి.

బాగా కుంగిపోయింది మూడో వారంలో. కుట్లకు బదులు వేసిన స్టీలు పిన్నులు అప్పటికి తీసేశారు. గాయం చక్కగా ఎండింది. చూడటానికి కాలు బాగానే ఉంది. అబ్బాయి సెలవు అయిపోయి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఫోన్లు తగ్గాయి. వచ్చేవాళ్ళు "మంచిగనే ఉన్నవ్ గదనే" అని వెళ్ళిపోయేవాళ్ళు. బయట అంతా అయిపోయినట్టే ఉంది, లోపల సగం నొప్పి కూడా తగ్గలేదు. బాధ చెప్పుకుంటే వేషాలు వేస్తున్నాననుకుంటారేమోనన్న టెన్షన్ ఒకటి. "ఉన్న కాలుతో కుంటుతూనో ఏదో బతికేవాణ్ణి గదా, ఎందుకు కోయించుకున్న?" అన్న ప్రశ్న రాత్రి రెండింటికి వచ్చి తెల్లారేదాకా కూర్చునేది.

పరామర్శకు వచ్చేవాళ్ళ గురించి ఒక్క మాట. మనిషి మంచాన పడితే చూడటానికి రావడం మంచిదే. కానీ వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక మేనత్త ఉంటుంది, ఆమె పది రోజులకే బావి నీళ్ళు తోడిందట. ఇంకొకరు పథ్యం చెబుతారు. వంకాయ తింటే చీము పడుతుంది, గోంగూర వద్దు, పప్పు పెట్టొద్దు. వాళ్ళ మాట విని మా ఆవిడ కొన్నాళ్ళు చారు, అన్నమే పెట్టింది. అసలే నోరు చచ్చి ఉన్నవాడికి ఆ చారు ఇంకో శిక్ష. డాక్టర్‌ను అడిగితే నవ్వి, గాయం మానాలంటే గుడ్లు, పప్పు, మాంసం బాగా తినమన్నారు. ఆ పూటే గోంగూర పప్పు చేయించుకున్నాను. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నది అప్పుడే.

ఫిజియోథెరపీ అమ్మాయి రోజు మార్చి రోజు ఇంటికి వచ్చేది. మా అబ్బాయి కంటే చిన్నది. మొదట్లో గేటు చప్పుడు వింటేనే నాకు చెమటలు పట్టేవి. బోర్లా పడుకోబెట్టి మడమ పట్టుకుని కాలు వెనక్కి వంచేది. మోకాలు లోపల చినిగిపోతోందని అరిచేవాణ్ణి. ఒకరోజు పని ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. వ్యాయామం చేసేటప్పుడు లాగినట్టు, బిగిసినట్టు నొప్పి వచ్చి, తర్వాత గంటా రెండు గంటల్లో దిగిపోతే భయం లేదట. జ్వరం వచ్చినా, గాయంలోంచి నీరు కారినా, ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, పిక్క గట్టిపడి వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలట. మోకాలు వేడిగా ఉండటం, సాయంత్రానికి వాయడం నెలల తరబడి మామూలేనట. అంతకుముందు వేడి తగిలినప్పుడల్లా లోపల చీము పట్టిందని వణికిపోయేవాణ్ణి. దేనికి భయపడాలో తెలిశాక సగం భయాలు వాటంతట అవే పోయాయి. మాత్ర కూడా నొప్పి వచ్చాక వేసుకోవడం మానేసి, ఆమె రావడానికి ముప్పావు గంట ముందే వేసుకోవడం మొదలుపెట్టాను.

కాలు వంచినప్పుడు పది అంకెలు లెక్కపెట్టమనేది. అంకెలు నాతో కాలేదు, ఆరు దగ్గరే అరుపు వచ్చేది. ఏదో తోచక స్టేజీలు చెప్పడం మొదలుపెట్టాను. హన్మకొండ, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి. మేడారం రూటు. మొదట్లో మల్లంపల్లి దాటకముందే "ఆపు తల్లీ" అనేవాణ్ణి. ఆమె ఆపేది కూడా. తర్వాత ములుగు దాకా పోయాను. కొన్ని రోజులు మళ్ళీ గూడెప్పాడ్ దగ్గరే ఆగిపోయేది బండి. ఒకరోజు తాడ్వాయి వచ్చేసింది, ఆమె ఇంకా పట్టుకునే ఉంది. "తర్వాత ఏ ఊరు అంకుల్?" అని అడిగింది. "అడవి" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఇంటికొచ్చాక నేను నవ్వడం అదే మొదలని మా ఆవిడ తర్వాత చెప్పింది.

బస్సులో టికెట్ల లెక్క, అదే వే బిల్లు, రాసిన అలవాటు ఉందిగా, ఒక పుస్తకం పెట్టి రోజూ ఎన్ని డిగ్రీలు వంగిందో రాయడం మొదలుపెట్టాను. మామూలు నడకకు 70 డిగ్రీల దాకా వంగితే చాలట, మెట్లకు 90 దగ్గరికి రావాలి, తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవాలంటే ఇంకా ఎక్కువే కావాలి. నాది 78 దగ్గర ఆగింది. వాపు ఉన్న రోజు 74కు పడిపోయేది. నాలుగు డిగ్రీలకు రోజంతా మూతి ముడుచుకుని కూర్చునేవాణ్ణి. ఫిజియో అమ్మాయి ఆ పుస్తకం చూసి, పెన్ను తన బ్యాగులో వేసుకుని, "వారానికి ఒక్కసారి నేనే కొలుస్తా, మధ్యలో మీరు కొలవొద్దు" అంది. మనసు కొంత తేలికపడింది.

నాతో చాలాకాలం డ్యూటీ చేసిన డ్రైవరన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకు రెండు మోకాళ్ళూ అయ్యాయి. చూడటానికి వచ్చి అరటిపండ్లు బల్ల మీద పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు: "తమ్మీ, రాత్రిపూట ఎందుకు చేయించుకున్ననా అనిపిస్తుందా?"

నేను తలూపాను.

"నేను గూడ మస్తు తిట్టుకున్న. డాక్టర్‌ను తిట్టిన, మా పోరన్ని తిట్టిన. ఒక పని చెయ్. మూడు నెలల దాక ఆ ముచ్చట తీయకు. మూడు నెలలైనంక నేనే వస్త, ఇద్దరం కూసోని తిట్టుకుందాం."

ఆ గడువు నాకు బాగా పనికొచ్చింది. రాత్రి రెండింటికి ఆ ప్రశ్న వస్తే, దీనికి ఇంకా టైముంది అని పక్కన పెట్టేవాణ్ణి. లేచి, వాకర్‌తో హాల్లో రెండు చుట్లు తిరిగి, ఐస్ ప్యాక్ పెట్టుకుని, రేడియోలో పాత పాటలు చిన్నగా వినేవాణ్ణి. అన్ని రాత్రులూ ఇది పనిచేయలేదు. పనిచేయని రాత్రులు ఏడ్చాను, దాన్ని దాచడం మాత్రం మానేశాను. మా ఆవిడ పక్కనే కూర్చునేది, ఒక్కోసారి ఆమె కూడా ఏడ్చేది. నా అరుపులు భరించింది ఆమే కదా.

తర్వాతి చెకప్‌లో మోకాలు చూపించాక, ఏడుపు సంగతి కూడా చెప్పాను. మా ఆవిడే వెనకనుంచి పొడిచింది, లేకపోతే చెప్పేవాణ్ణి కాను. డాక్టర్ ఆశ్చర్యపోలేదు. నిద్ర లేకపోవడం, నొప్పి మాత్రలు, కదలలేని తనం మూడూ కలిస్తే మనసు కుంగుతుందన్నారు. మాత్ర మార్చారు, నిద్రకు కొన్నాళ్ళు ఒకటి రాశారు. ఇలాగే కొనసాగితే మానసిక వైద్యుణ్ణి కలవాలి, అందులో సిగ్గేమీ లేదన్నారు. అంత దూరం పోలేదు, నిద్ర పట్టడంతో చాలావరకు సర్దుకుంది. ఈ ఆపరేషన్ తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడరని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట నన్ను భయపెట్టలేదు, నిజం చెప్పే మనిషి దొరికాడనిపించింది.

మూడు నెలలకు డ్రైవరన్న అన్నమాట ప్రకారం వచ్చాడు. అప్పటికి చేతికర్ర పట్టుకుని సందు చివరి దాకా పోయి వస్తున్నాను. తిట్టుకుందామని కూర్చుని పీఆర్సీ గురించి, అదే జీతాల సవరణ గురించి, మాట్లాడుకున్నాం.

ఇప్పుడు కాలు 115 దాకా వంగుతోంది. పాత నొప్పి, ఆ ఎముకా ఎముకా రాసుకునే నొప్పి, లేదు. గాటు పక్కన అరచేతి మేర చర్మానికి స్పర్శ లేదు, గోకినా తెలియదు. కూర్చుని లేస్తుంటే లోపల టిక్కుమని చప్పుడు వస్తుంది, మనవడు దాన్ని మళ్ళీ మళ్ళీ చేయించుకుంటాడు. కింద కూర్చోవద్దన్నారు, అది మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది. పెళ్ళిళ్ళలో చాప మీద బంతిలో అందరూ కూర్చుంటే నేను ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాను. గుళ్ళో కూడా అంతే. అలవాటవుతుందంటారు, ఇంకా కాలేదు.

ఎడమది కూడా అరుగుతోంది. ఎప్పుడంటే అప్పుడు చేద్దామన్నారు డాక్టర్. ఎండలు తగ్గాక చేయించుకుంటానని చెప్పి వచ్చాను. ఈసారి మంచం కిటికీ పక్కకు వేయించుకుంటాను, ఫిజియో ఆ అమ్మాయే కావాలి, అబ్బాయి సెలవు మొదటి వారంలో వద్దు, మూడో వారంలో పెట్టుకోవాలి. పథ్యం చెప్పేవాళ్ళను వరండాలోనే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించే పని మా ఆవిడ ఒప్పుకుంది. దిండు విషయంలో మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు.