మిర్చి, ఆయుష్షు, 14 శాతం

"రోజూ కారం తినేవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని పరిశోధనలో తేలింది." మిర్చియార్డు ఉన్న ఊరికి ఇంతకంటే తీపి కబురు ఏముంటుంది! గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఇది తిరిగినంతగా ఇంకే ఆరోగ్య వార్తా తిరగదు. వార్త అబద్ధం కాదు. దాని వెనక పెద్ద పరిశోధనే ఉంది, 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. కాకపోతే ఆ పేపర్లోని లెక్కలు వేరు, మన ఫోన్‌కి చేరే ఒక్క వాక్యం వేరు. ఈ రెంటికీ మధ్య ఏం జారిపోయిందో వెతకడం వస్తే ఆరోగ్య వార్తల్లో చాలావాటిని ఎవరికి వారే తేల్చుకోవచ్చు. అందుకని ముందు మిర్చినే విప్పి చూద్దాం.

చైనాలో పది ప్రాంతాల నుంచి 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 4,87,375 మందిని తీసుకున్నారు. అప్పటికే క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవాళ్లని పక్కన పెట్టారు. వారంలో ఎన్నిరోజులు కారం తింటారని అడిగి, సుమారు ఏడేళ్లు గమనించారు. ఆ కాలంలో 20,224 మంది చనిపోయారు. వారానికి ఒక్కరోజు కూడా కారం తినని వాళ్లతో పోలిస్తే, ఆరేడు రోజులు తినేవాళ్లలో మరణాలు 14 శాతం తక్కువ. వార్తలోకి ఎక్కింది ఈ 14 ఒక్కటే.

అదే పేపర్లో ఇంకో వరస అంకెలున్నాయి, వాటిని ఎవరూ రాయలేదు. వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే, కారం దాదాపు తినని వాళ్లలో 6.1 మంది చనిపోయారు. వారానికి ఒకటి రెండు రోజులు తినేవాళ్లలో 4.4, మూడు నుంచి ఐదు రోజులు తినేవాళ్లలో 4.3, ఆరేడు రోజులు తినేవాళ్లలో 5.8. చూశారా, మొదటి గుంపుకీ చివరి గుంపుకీ తేడా వెయ్యికి 0.3 మాత్రమే. మరి 14 శాతం ఎక్కడిది? ఈ నాలుగు గుంపుల జనం ఒకలాంటి వాళ్లు కారు. వయసు వేరు, ఊరు వేరు, పొగ, మందు అలవాట్లు వేరు. ఎక్కువ కారం తినేవాళ్లలో పల్లెటూరి వాళ్లూ, పొగతాగేవాళ్లూ ఎక్కువ. ఈ తేడాలన్నిటినీ గణితంతో సర్దితే అప్పుడు 14 వచ్చింది. సర్దడం మోసం కాదు, చెయ్యాల్సిన పనే. కానీ సర్దగలిగేది కొలిచినవాటినే. కొలవనివి అలాగే మిగిలిపోతాయి.

కొలవడానికి కష్టమైనది ఒకటి మన ఇళ్లలో రోజూ కనపడుతుంది. కడుపులో మంట, అల్సర్, మొలలు, ఏదో ఒక నలత ఉన్నవాళ్లని అందరికంటే ముందు కారం మానమంటారు. అంటే చప్పిడి తినేవాళ్ల గుంపులో ముందునుంచే ఒంట్లో బాగోనివాళ్లు చేరిపోతారు. వాళ్ల ఆరోగ్యం చెడింది కారం మానినందుకు కాదు, ఆరోగ్యం చెడి కారం మానారు. పెద్ద జబ్బులున్నవాళ్లని తీసేసినా, ఇలాంటి చిన్నాచితకా జబ్బులన్నిటినీ పూర్తిగా వడగట్టడం ఎవరి తరమూ కాదు.

ఇంకో సంగతి. మూడు నుంచి ఐదు రోజులు తిన్నా, ఆరేడు రోజులు తిన్నా తగ్గుదల ఒకటే, 14 శాతం. కారమే మందైతే మోతాదు పెరిగేకొద్దీ ఎంతోకొంత మేలూ పెరుగుతుందని ఆశిస్తాం. పైగా ఈ 14ని చెప్పింది రోజుల లెక్కన, గ్రాముల లెక్కన కాదు. వారానికి ఒక్కరోజు కూడా కారం ముట్టని మనిషి గుంటూరు జిల్లాలో ఎంతమంది దొరుకుతారు? పోల్చడానికి రెండో గుంపే లేనిచోటికి ఆ ఫలితాన్ని ఎత్తుకొచ్చి, "ఇంకో చెంచా వేసుకోండి" అనడం ఆ పరిశోధన చెప్పని మాట. పరిశోధకులే తమది పరిశీలన మాత్రమేననీ, కారమే కారణమని చెప్పలేమనీ రాశారు.

2019లో ఇటలీ నుంచి వచ్చిన మరో పరిశోధన కూడా మిర్చి తినేవాళ్లలో మరణాలు తక్కువనే చెప్పింది. అదే ఏడాది చైనా నుంచే, 55 ఏళ్లు దాటినవాళ్లలో రోజుకి 50 గ్రాములకు మించి మిర్చి తినేవాళ్లకి జ్ఞాపకశక్తి త్వరగా తగ్గుతోందని ఇంకో పేపర్ వచ్చింది. "మిర్చితో ఆయుష్షు", "మిర్చితో మతిమరుపు" రెండూ శీర్షికలే. శాస్త్రవేత్తలు పూటకో మాట మారుస్తారని దీన్నిబట్టి అనుకోవడం అన్యాయం. రెండూ పరిశీలనలే, రెంటికీ అవే పరిమితులు. పూటకో మాట చెప్పేది శీర్షిక.

శాతం కనపడగానే అడగాల్సింది: వెయ్యిమందిలో ఎంతమంది, ఎన్నేళ్లలో, ఎవరితో పోలిస్తే? ఈ మూడూ లేని శాతానికి విలువ కట్టలేం. రోజుకి 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం (సాసేజ్, బేకన్ లాంటివి) తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ చెప్పింది. జీవితకాలంలో వందమందిలో ఐదుగురికి ఆ జబ్బు వచ్చే దేశంలో, 18 శాతం పెరిగితే ఐదుగురు కాస్తా దాదాపు ఆరుగురవుతారు. వందలో 18 మంది అదనంగా కాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

అదే ఐఏఆర్‌సీ జాబితా పేరుతో "పచ్చళ్లు క్యాన్సర్ కారకాలు" అనే మెసేజ్ కూడా వస్తుంది. 1993లో ఆ సంస్థ సంప్రదాయ ఆసియా ఊరగాయ కూరల్ని 2బీ వర్గంలో, అంటే "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో పెట్టిన మాట నిజం. అయితే చూసిన ఆధారాలు చైనా, కొరియా, జపాన్ పద్ధతిలో ఊరబెట్టిన కూరలవి, మన ఆవకాయవి కావు. పైగా ఆ వర్గాలు చెప్పేది ఆధారం ఎంత గట్టిదన్నది, ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. సిగరెట్టు, ఎండ, ప్రాసెస్డ్ మాంసం మూడూ ఒకటో వర్గంలోనే, అంటే క్యాన్సర్ కారకమని రుజువైనవాటిలోనే ఉన్నాయి, మూడింటి ప్రమాదం ఒకటేనా? ఆవకాయతో భయపడాల్సింది ఉప్పుకి. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బీపీ ఉన్న మనిషి పూటపూటా పచ్చడి కలుపుకుంటే ఆ చెంచా ఇట్టే నిండుతుంది. ఇందులో కొత్తదనం లేదు కాబట్టి వార్త కాదు, అంతే.

పసుపు ఆరోగ్యానికి మంచిదనే వార్తల సంగతికొస్తే మోతాదు లెక్క తెలియాలి. దుగ్గిరాల యార్డుకి వచ్చే పసుపైనా, షాపులో ప్యాకెట్ అయినా, పొడిలో కర్క్యుమిన్ (ఆ పరిశోధనల్లో వాడే పసుపులోని పదార్థం) వందకి సుమారు 3 పాళ్లు. చెంచాకి మూడు గ్రాముల పసుపు అనుకుంటే అందులో కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలే. అంత కర్క్యుమిన్ పసుపు నుంచే రావాలంటే పదకొండు చెంచాలు తినాలి. కూరలో చిటికెడు వేసుకునే మనకి ఆ ఫలితం వర్తించదు. ఎలుకల మీద పరిశోధన అయితే ఇంకో మెట్టుంది. చిట్టెలుకకి (మౌస్) కిలో బరువుకి ఇచ్చిన మోతాదుని సుమారు 12తో భాగిస్తే మనిషికి కిలోకి ఎంతో ఉజ్జాయింపుగా వస్తుంది. చిట్టెలుకకి కిలోకి 200 మిల్లీగ్రాములంటే, 60 కిలోల మనిషికి రోజుకి సుమారు గ్రాము.

మరి అంతా కలిపి మాత్రగా వేసుకుంటే పోలా అంటారు. కర్క్యుమిన్ పేగుల్లోంచి ఒంటికి పట్టడం చాలా తక్కువ. పట్టేలా మిరియాల సారం కలిపిన మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీ, అమెరికా వైద్యులు నమోదు చేశారు. తిండిలో మంచిదన్నదాన్ని మాత్రలోకి కుక్కితే ఏమవుతుందో ఫిన్లాండ్‌లో 1994లోనే తేలింది. పళ్లూ కూరలూ తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చూసి, పొగతాగే 29 వేలమంది మగవాళ్లలో చీటీ వేసినట్టు విడదీసి కొందరికి ఆ పళ్లూ కూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ని మాత్రలుగా ఇచ్చారు. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. ఇలా చీటీ వేసి విడదీసే పరిశోధనకి అంత గౌరవం ఎందుకంటే, కొలవలేని తేడాలు కూడా రెండు వైపులా సమానంగా పడతాయి.

భయపెట్టే వార్తలకి వేరే లెక్క కావాలి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో గులియన్ బారీ సిండ్రోమ్‌తో (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) మరణమన్న వార్తకి జిల్లా అంతా కంగారుపడింది. ఈ జబ్బు ఏ ఏడాదైనా లక్షమందిలో ఒకరిద్దరికి వస్తూనే ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి గుంటూరు జిల్లా జనం దాదాపు 49 లక్షలు. అంటే ఏ ఉపద్రవమూ లేని ఏడాదిలో కూడా 50 నుంచి 100 కేసులు, నెలకి నాలుగు నుంచి ఎనిమిది. చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా కేసులు వచ్చే పెద్దాసుపత్రిలో ఒకేసారి నలుగురైదుగురు కనపడితే అది వ్యాప్తి అని చెప్పలేం. అనుమానించాల్సింది ఎప్పుడంటే, ఒకే ప్రాంతంలో, ఒకే నీళ్లు తాగేవాళ్లలో, కొద్ది వారాల్లో కేసులు గుంపుగా వచ్చినప్పుడు. ఆ ఏడాది జనవరిలో పుణెలో జరిగింది అలాంటిదే. అయితే కంగారు వద్దన్నానని నిర్లక్ష్యం చెయ్యకండి. విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో పాదాల్లో తిమ్మిరి మొదలై కాళ్ల బలహీనత పైకి పాకుతుంటే ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి వాడే ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదటి రెండు వారాల్లో బాగా పనిచేస్తుంది.

అరవై డెబ్భై పరీక్షల ప్యాకేజీ ప్రకటనలు కూడా ఒకరకం ఆరోగ్య వార్తలే. చాలా పరీక్షల్లో "నార్మల్" అనే హద్దుని ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఇమిడేలా గీస్తారు. మిగతా ఐదుగురూ ఆరోగ్యవంతులే, అయినా వాళ్ల రిపోర్టులో అంకె బోల్డ్‌లో పడుతుంది. ఇరవై పరీక్షలు చేయిస్తే ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్కటైనా తప్పి కనపడే అవకాశం 64 శాతం, అరవై చేయిస్తే 95 శాతం. పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అసలు అంకె కొంత తగ్గుతుంది, అయినా ఎక్కువే. అంకె హద్దుకి కాస్త అటో ఇటో ఉంటే, అదే ల్యాబులో, అదే వేళకి మళ్లీ చేయించి చూడండి. జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని మెషీన్లలో థైరాయిడ్ అంకెల్ని తలకిందులు చేస్తాయి, పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

వార్త వెనకున్న పేపర్ వెతకడానికి ఫోన్ చాలు. వార్తలో జర్నల్ పేరో పరిశోధకుడి పేరో లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. ఉంటే పబ్‌మెడ్ అనే సైట్లో ఆ పేరూ, విషయమూ కొట్టండి, సారాంశం ఉచితంగా వస్తుంది. చూడాల్సింది మనుషులా ఎలుకలా, ఎంతమంది, చీటీ వేశారా ఊరికే గమనించారా, ఫలితం మరణమా లేక రక్తంలో ఏదో ఒక అంకె మారడమా. తర్వాత 95 శాతం హద్దులు, అంటే అసలు అంకె ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చన్నది. మిర్చి పేపర్లో, కారం తినని వాళ్లతో పోల్చిన మరణాల నిష్పత్తి 0.86, హద్దులు 0.82 నుంచి 0.90. అంటే తగ్గుదల 10 నుంచి 18 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండు హద్దుల మధ్యలో 1 (అంటే రెండు గుంపులూ సమానం) పడితే తేడా ఉందో లేదో తేలలేదని అర్థం. డబ్బు ఎవరిచ్చారో పేపర్ చివర్న రాస్తారు. మన దేశంలో మనుషుల మీద జరిగిన మందు పరిశోధనైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా సైట్లో నమోదు ఉండాలి, 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. అక్కడ మొదలుకాకముందే నమోదు చేశారా, తర్వాత చేశారా అన్నది రాసి ఉంటుంది. ముందు ఏం కొలుస్తామన్నారో, చివరికి ఏం కొలిచామని ప్రకటించారో పోల్చండి. మధ్యలో మారితే ఆ ఫలితాన్ని నేను నమ్మను.

అన్నిటికంటే ప్రమాదం, వార్త చదివి వాడుతున్న మాత్రలు ఆపేయడం. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. ఏడువేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని దానర్థం. భయపడి వేలమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13 వేలు పెరిగాయని అంచనా. గడ్డకట్టే ముప్పు గర్భంలో ఇంకా ఎక్కువ. బీపీకీ గుండెకీ వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి మానితే ఛాతీనొప్పి, గుండెపోటు రావచ్చు.

కాబట్టి మాత్ర మానకుండా, స్ట్రిప్పూ, వార్త కత్తిరింపూ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా మనకి దొరికేది ఐదు నిమిషాలే, అందుకని ఈ ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి: "డాక్టర్ గారూ, నాలాంటివాళ్లు వందమంది ఈ మందు ఐదేళ్లు వాడితే, వాడనివాళ్లకంటే ఎంతమందికి మేలు జరుగుతుంది, ఎంతమందికి ఇబ్బంది వస్తుంది?"