మారవలసింది డ్యూటీ చార్టు

ఉద్యోగుల మానసిక ఆరోగ్యం గురించి మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా అది చివరికి ఆ మనిషి మనోధైర్యం దగ్గరికే చేరుతుంది. పరిశోధన మాత్రం నాలుగు దశాబ్దాలకు పైగా పనిని ఏర్పాటు చేసే తీరునే ప్రశ్నిస్తోంది. పనిభారం ఎక్కువై, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో తేల్చుకునే అధికారం తన చేతిలో లేనప్పుడే మనిషికి ఒత్తిడి ప్రమాదకరమవుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కారసెక్ 1979లో ప్రతిపాదించారు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై మైకేల్ మార్మట్ బృందం జరిపిన వైట్‌హాల్ అధ్యయనాల్లోనూ, తమ పనిపై పట్టు తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది.

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా చిన్నమ్మ కూతురు డ్యూటీ చార్టు చూసినప్పుడు నాకు కారసెక్ మాటలే గుర్తొచ్చాయి. నైట్ డ్యూటీ దిగిన రోజే మధ్యాహ్నం మళ్లీ డ్యూటీ ఉంది. పేర్లు కొట్టేసి పెన్నుతో మార్చిన గళ్లు చాలా ఉన్నాయి. "రేపు పొద్దున నువ్వే రావాలె" అని రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ గ్రూపులో మెసేజీ వస్తుంది. రోగి బంధువులు మీదికి వస్తే ఎవరికి చెప్పుకోవాలో ఎక్కడా రాసిలేదు. అక్కడ సిబ్బందికి ఒక పూట ప్రాణాయామం నేర్పించారట. ప్రాణాయామం మంచిదే, కాదనను, కానీ చార్టు మాత్రం మారలేదు.

భూపాలపల్లిలోనో శ్రీరాంపూర్‌లోనో బొగ్గుబాయిలో రూఫ్ వదులైతే కార్మికుణ్ణి ధైర్యంగా ఉండమని చెప్పి వదిలెయ్యరు, రూఫ్ బోల్టులు వేయిస్తారు. మనసుకు కలిగే ముప్పునూ అలాగే ముందు గుర్తించి, వీలైనంతవరకు మూలంలోనే తొలగించాలని 2021లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 45003 ప్రమాణం చెబుతోంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35-40 గంటలు చేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ అదే ఏడాది ప్రకటించాయి. వరుసగా డబుల్ డ్యూటీలు వేసేవారు ఈ అంకెను తప్పక చదవాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కష్టంలో ఉన్నవారికి అవసరమే, దాన్ని ప్రతి వార్డులో రాసిపెట్టాలి. అయితే అది దెబ్బ తగిలాక అందే సాయం. దెబ్బ తగలకుండా ఉండాలంటే చార్టు ముందుగానే ఖరారు కావాలి, నైట్ డ్యూటీ తర్వాత పూర్తి విశ్రాంతి దొరకాలి, అందుకు ఇంకా ఎంతమంది నర్సులు కావాలో ఆ డ్యూటీలు చేసేవాళ్లను కూర్చోబెట్టుకొని యాజమాన్యం లెక్క తేల్చాలి.